పాత డీఎక్స్7లో ఉన్న 32 శబ్దాల్ని కంప్యూటర్‌లోకి దింపుకోవడం ఎలా?

ఇవాళ టేబుల్ మీద కొంచెం బరువైన చుట్టం కూర్చుంది. యమహా డీఎక్స్7. ముదురు గోధుమరంగు ఇనుప డబ్బా, మీద పచ్చటి బటన్ల వరస, రెండు లైన్ల చిన్న స్క్రీన్. ఇది మార్కెట్లోకి వచ్చింది 1983లో. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. నేనూ పుట్టలేదు లెండి.

కానీ దీని గొంతు మీకు తెలుసు. 1980ల పాటలు ఇంట్లో ఎవరైనా పెడుతుంటే, వెనకాల గాజు గిన్నెని చెంచాతో తట్టినట్టు ఒక ఎలక్ట్రిక్ పియానో వినిపిస్తుంది చూడండి, ఆ జాతి శబ్దానికి పేరు తెచ్చింది ఈ కీబోర్డే. లక్షకు మించి అమ్ముడుపోయింది. అందుకే ఇప్పటికీ ఎక్కడో ఒక అటక మీద, ఒక చర్చిలో, ఒక ఆర్కెస్ట్రా వాళ్ల సామాన్ల గదిలో ఒకటి దుమ్ము కొట్టుకుంటూ కనిపిస్తుంది.

ఇవాళ మన పని దీన్ని వాయించడం కాదు. దీని లోపల దాచిన శబ్దాల్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం, మళ్లీ అవసరమైతే వెనక్కి పంపించడం. కొంచెం ఓపిగ్గా చూడండి, ఇది యూఎస్‌బీ పెట్టి కాపీ పేస్ట్ కొట్టే వ్యవహారం కాదు.

ముందు లోపల ఏముందో చూద్దాం. లోపల పాటలు లేవు, రికార్డింగులు లేవు. అంకెలు మాత్రమే ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే ఆయన 1967లో ఒక విషయం పట్టుకున్నాడు. ఒక స్వరంతో ఇంకో స్వరాన్ని చాలా వేగంగా ఊపితే, కొత్త కొత్త నాదాలు పుడతాయని. దాన్నే ఎఫ్ఎమ్ సింథసిస్ అంటారు. ఆ పద్ధతిని యమహా లైసెన్స్ తీసుకుని డీఎక్స్7లో పెట్టింది. ఇందులో ఆపరేటర్లు అని ఆరు ఉంటాయి, ఏది దేన్ని ఊపాలో చెప్పే అమరికలు 32 ఉంటాయి. ఒక శబ్దం అంటే ఈ ఆరుగురూ ఎంత గట్టిగా, ఎంత సేపు, ఏ నిష్పత్తిలో పనిచేయాలో చెప్పే 155 అంకెల చిట్టా. వంటింట్లో రాసి పెట్టుకున్న కొలతల్లాంటిది. పులిహోర డబ్బాలో లేదు, పులిహోర చేసే కొలతలు ఉన్నాయి.

మెమరీలో పెట్టేటప్పుడు ఈ చిట్టాని కుదించి 128 బైట్లలో సర్దుతుంది. 32 శబ్దాలకి 4096 బైట్లు. అంతే! నాలుగు కిలోబైట్లు. పొద్దున్నే మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్‌మార్నింగ్ ఫోటో దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది.

మరి ఇంత చిన్నదానికి ఇంత హడావుడి ఎందుకు? ఎందుకంటే ఆ 4096 బైట్లని పట్టి ఉంచేది ఒక రూపాయి బిళ్లంత సెల్. సీఆర్2032, మూడు వోల్టులది, మీ బైక్ రిమోట్‌లోనో కంప్యూటర్ మదర్‌బోర్డు మీదో ఉండేలాంటిదే. కరెంటు ఆపేసినా మెమరీ చెరిగిపోకుండా ఈ సెల్ కాపలా కాస్తుంది. ఇది ఖాళీ అయిపోయిందా, మెమరీలో మిగిలేది చెత్త. పైగా దీన్ని వేలితో తీసి మార్చలేం, బోర్డుకి సాల్డరింగ్ చేసి ఉంటుంది. తీసిన క్షణంలో శబ్దాలు పోతాయి.

కంపెనీ ఇచ్చిన శబ్దాలు పోతే బాధలేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరో కూర్చుని సొంతంగా చేసుకున్నవి పోతే ఇంక లేవు, భూమ్మీద ఇంకో కాపీ ఉండదు.

ఈ ముక్క నాకు బాగా తెలిసొచ్చింది ఒక పెద్దాయన వల్ల. గుంటూరు వైపు ఆర్కెస్ట్రాల్లో పాతికేళ్లు కీబోర్డు వాయించిన మాస్టారు. పెళ్లిళ్లు, తిరనాళ్లు, గణపతి పందిళ్లు, ఒకటా రెండా. ఆయన దగ్గర ఒకప్పుడు రెండు డీఎక్స్7లు ఉండేవట. మొదటిది సెల్ అయిపోయిందని ఒక షాపులో ఇచ్చారు. వాళ్లు లోపల ఏముందో అడగకుండా సెల్ మార్చి, ఫ్యాక్టరీ శబ్దాలు నింపి, శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చారు. షాపు పేరు ఇప్పుడు అనవసరం. మాస్టారు ఇంటికెళ్లి ఆన్ చేస్తే, ఆయన చేసుకున్నది ఒక్కటి లేదు.

రెండోది నా దగ్గరికి తెచ్చినప్పుడు ఆయన అన్న మాట ఇది: "బాబూ, ఈ డబ్బా పోయినా పర్లేదు గానీ ఇందులో సన్నాయి ఉంది, అది పోకూడదు."

నేను అడిగాను, "ఎన్ని ఉన్నాయి మాస్టారూ మీరు చేసినవి?"

"ఏడు. అందులో మూడు చెత్త, చెరిపేసినా ఏమీ అనుకోను. సన్నాయి మాత్రం చూసుకో నాయనా."

సరే, పనిలోకి దిగుదాం. ప్లగ్ పెట్టే ముందు వెనకాల స్టిక్కర్ చదవండి. మనవైపు కనిపించే పాత కీబోర్డుల్లో విదేశాల నుంచి మోసుకొచ్చినవి ఎక్కువ. జపాన్ మార్కెట్‌కి చేసింది 100 వోల్టుల మీద నడుస్తుంది, అమెరికా మార్కెట్‌ది 120 మీద. మన గోడలో వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా గుచ్చితే శబ్దాల సంగతి దేవుడెరుగు, పొగ వస్తుంది.

ఆన్ అయ్యాక మొదట సెల్ ఆరోగ్యం చూడండి. ఫంక్షన్ బటన్ నొక్కి, 14వ బటన్ నొక్కితే స్క్రీన్ మీద బ్యాటరీ వోల్టేజీ చూపిస్తుంది. 3 దగ్గర ఉంటే హాయిగా ఊపిరి పీల్చుకోండి. రెండున్నర దాకా దిగిందంటే నా లెక్కలో ఇంక వాయిదా వేయకూడదు. మాస్టారుది 2.4 చూపించింది. నేనైతే ఆ రోజు అన్నానికి కూడా లేవలేదు.

ఇప్పుడు కేబుల్. డీఎక్స్7 వెనకాల మూడు గుండ్రటి సాకెట్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఐదు రంధ్రాలు. ఇన్, అవుట్, త్రూ. ఇదే మిడి. 1983 జనవరిలో అమెరికాలో నామ్ షోలో రెండు వేరువేరు కంపెనీల కీబోర్డుల్ని, ప్రాఫెట్ 600నీ రోలాండ్ జూపిటర్ 6నీ, ఈ తీగతో కలిపి చూపించారు. ఒకటి వాయిస్తే రెండోది పలికింది. పోటీ కంపెనీలు ఒక తీగ మీద ఒప్పుకోవడం అంటే మాటలు కాదు. ఫోన్ ఛార్జర్ల విషయంలో ఎన్నేళ్లు పట్టిందో మీరే చూశారుగా! ఆ పనిలో ముందున్న డేవ్ స్మిత్, రోలాండ్ అధినేత ఇకుతారో కాకెహాషి, ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

కంప్యూటర్‌కి ఈ గుండ్రటి సాకెట్ లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్ కావాలి. అసలు చిక్కు వచ్చేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువసేపు చెబుతాను.

ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా ఒక కేబుల్ దొరుకుతుంది. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర రెండు మిడి ప్లగ్గులు, మధ్యలో చిన్న డబ్బా, అందులో లైటు మిణుకు మిణుకు. దీంతో కీబోర్డు వాయిస్తే బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే ఒక మీట నొక్కితే వెళ్లేది మూడు బైట్లు. ఆ మూడూ అది మోయగలదు. మనం పంపబోయేది మాత్రం మధ్యలో ఆగకుండా వచ్చే నాలుగు వేల పైచిలుకు బైట్ల ఒకే పెద్ద సందేశం. చవక డబ్బాల్లో తాత్కాలికంగా దాచుకునే చోటు చాలా చిన్నది. నిండిపోతే మిగతా బైట్లని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, ఏమీ రాదు. ఫైల్ సేవ్ అయిందని చెబుతుంది. మీరు సంతోషంగా సెల్ పీకేస్తారు. తర్వాత తెలుస్తుంది ఫైల్లో సగమే ఉందని.

అలాంటి ఒక కేబుల్ నా దగ్గరా ఉంది. పరీక్ష కోసం దానితో మూడుసార్లు దింపి చూశాను. మూడుసార్లూ మూడు వేరువేరు సైజులు! కాబట్టి ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు పెద్ద సిస్‌ఎక్స్ సందేశాలు సరిగ్గా మోస్తుందని వాడినవాళ్లు చెప్పినదే కొనండి. కాస్త డబ్బు ఎక్కువైనా సరే. ఒకరోజు పని అయితే ఏ స్టూడియో వాళ్ల దగ్గరో అడిగి తెచ్చుకోండి.

ఇంకో తికమక. కేబుల్ ప్లగ్ మీద ఇన్ అని రాసి ఉంటే, సాధారణంగా దాన్ని కీబోర్డు అవుట్‌లో పెట్టాలి. కంప్యూటర్‌కి లోపలికి వచ్చేది కీబోర్డుకి బయటికి పోయేది కదా. కొన్ని కేబుళ్ల మీద తిరగేసి రాస్తారు. ఏది ఏదో తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. డీఎక్స్7 ఆన్‌లో ఉన్నంతసేపూ, మీరు ఏమీ నొక్కకపోయినా, "ఉన్నాను, ఉన్నాను" అని ఒక బైట్ పంపుతూనే ఉంటుంది. దాన్ని యాక్టివ్ సెన్సింగ్ అంటారు. మిడి మానిటర్‌లో ఎఫ్‌ఈ, ఎఫ్‌ఈ అని వరసగా కనపడితే తీగ సరైన చోటే ఉన్నట్టు. కొన్ని సాఫ్ట్‌వేర్లు దీన్ని మామూలుగా దాచేస్తాయి, అప్పుడు ఒక మీట నొక్కి చూడండి.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు అక్కర్లేదు. విండోస్‌లో మిడి ఆక్స్, మ్యాక్‌లో సిస్‌ఎక్స్ లైబ్రేరియన్. రెండూ పాత కాలం సాఫ్ట్‌వేర్లలా కనిపిస్తాయి, పని మాత్రం పక్కాగా చేస్తాయి.

దింపే విధానం చూడండి. మొదట కంప్యూటర్‌లో సిస్‌ఎక్స్ రిసీవ్ మొదలుపెట్టండి, అది ఎదురుచూస్తూ ఉండాలి. ఇప్పుడు కీబోర్డు మీద ఫంక్షన్ నొక్కి, 8వ బటన్ నొక్కండి. మిడి ఛానల్ చూపిస్తుంది. దాన్ని 1లో ఉంచండి. మళ్లీ 8 నొక్కండి. సిస్ ఇన్ఫో అన్‌అవైల్ అని వస్తుంది. ఎస్ బటన్ నొక్కితే అవైల్ అవుతుంది. ఇది చేయకపోతే కీబోర్డు నోరు విప్పదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి కేబుల్ని తిడతారు. మళ్లీ 8 నొక్కండి. మిడి ట్రాన్స్‌మిట్ అని ప్రశ్న గుర్తుతో అడుగుతుంది. ఎస్.

అయిపోయింది. ఒకటిన్నర సెకను కూడా పట్టదు. లెక్క చెప్పమంటారా? మిడి వేగం సెకనుకి 31,250 బిట్లు. ముందో బిట్, వెనకో బిట్ కలుపుకుని ఒక్కో బైట్‌కి పది బిట్లు. అంటే సెకనుకి 3125 బైట్లు. మన సందేశం 4104 బైట్లు. దాదాపు 1.3 సెకన్లు.

4104 ఎందుకు, 4096 కదా అన్నావు అంటారా? శబ్దాలు 4096, ముందు ఆరు బైట్లు, వెనక రెండు. ముందు ఎఫ్0, అంటే సందేశం మొదలు. తర్వాత 43, అది యమహా గుర్తు. రోలాండ్‌కి 41, కోర్గ్‌కి 42, క్యాసియోకి 44. ఈ గుర్తు చూసే వేరే కంపెనీ కీబోర్డు "ఇది నాకు కాదు" అని పక్కకి తప్పుకుంటుంది. తర్వాత ఛానల్, తర్వాత 32 శబ్దాల కట్ట అని చెప్పే అంకె, తర్వాత రెండు బైట్లలో సైజు. చివర్లో ఒక చెక్‌సమ్, ఆపైన ఎఫ్7, అంటే ముగిసింది. చెక్‌సమ్ అంటే కిరాణా బిల్లు కింద వేసే మొత్తం లాంటిది. మధ్యలో ఒక అంకె మారితే మొత్తం కలవదు.

సెల్ జోలికి వెళ్లే ముందు మూడు పరీక్షలు. ఫైల్ సైజు సరిగ్గా 4104 ఉందా చూడండి. దరిదాపుల్లో ఉంటే చాలదు, అంతే ఉండాలి. తక్కువైతే బైట్లు జారిపోయాయి. ఎక్కువైతే ఇందాక చెప్పిన ఎఫ్‌ఈలు మధ్యలో దూరి ఉండొచ్చు, లేదా రెండుసార్లు పంపినది ఒకే ఫైల్లో పడి ఉండొచ్చు. రెండోది, ఇంకోసారి దింపి రెండు ఫైళ్లూ పోల్చండి, తేడా ఉండకూడదు. మూడోది నాకు చాలా ఇష్టమైనది. డెక్సెడ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, డీఎక్స్7కి కవల లాంటిది. అందులో ఈ ఫైల్ తెరిచి వినండి. అచ్చం అదే గొంతు కాకపోయినా, మీ శబ్దమా కాదా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో సరదా. ప్రతి శబ్దం చిట్టాలో చివరి పది బైట్లు దాని పేరు. ఫైల్ని హెక్స్ వ్యూయర్‌లో తెరిస్తే, అర్థం కాని అంకెల మధ్య పేర్లు మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో చదవొచ్చు. పేరుకి పది అక్షరాలే చోటు. మాస్టారు ఫైల్ తెరిచి కిందికి జరుపుతూ పోతే 27వ స్థానంలో నాదస్వరం అని కనిపించింది. ఇంగ్లీషులో రాస్తే సరిగ్గా పది అక్షరాలు! ఒక్కటి కూడా మిగల్లేదు, తగ్గలేదు. ఆయన పక్కనుంచి, "ఆ పేరు పట్టినప్పుడే అనుకున్నా, ఇది నా కోసమే చేశారని" అన్నారు.

డెక్సెడ్‌లో దాన్ని వాయించాను. మొదలుపెట్టిన క్షణంలో చిన్న గీర, తర్వాత స్వరం నిలదొక్కుకోవడం, మాడ్యులేషన్ చక్రం తిప్పితే కొద్దిగా గమకం. రెండు స్వరాలు వినగానే ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. ఆయనే కూర్చుని వాయించారు. మనం మాట్లాడేందుకు ఏమీ లేదు అక్కడ.

ఒక జాగ్రత్త, మధ్యలో చెప్పడం మర్చిపోతానేమోనని ఇప్పుడే చెబుతున్నా. ఈ కట్టలో వెళ్లేవి మెమరీలో స్టోర్ చేసిన శబ్దాలే. ఎడిట్ చేస్తూ స్టోర్ చేయకుండా వదిలేసింది వెళ్లదు. కార్ట్రిడ్జ్‌లో ఉన్నవీ వెళ్లవు. కార్ట్రిడ్జ్‌వి కావాలంటే వాటిని ముందు లోపలి మెమరీలోకి లోడ్ చేయాలి, అప్పుడు లోపల ఉన్నవి చెరిగిపోతాయి. కాబట్టి వరస తప్పకూడదు. ముందు లోపలివి దింపి, పరీక్షలు అయ్యాకే కార్ట్రిడ్జ్ ముట్టుకోండి.

సెల్ మార్చే పని సాల్డరింగ్ చేయి తిరిగినవాళ్లకి ఇవ్వండి. కొత్త సెల్ నేరుగా అతికించకుండా ఒక హోల్డర్ పెట్టించమని అడగండి. ఈసారి అయిపోయినప్పుడు వేలితో మార్చుకోవచ్చు. సెల్‌కి నేరుగా సాల్డరింగ్ ఐరన్ పెట్టి వేడి చేసేవాళ్లు ఉంటే మాత్రం కీబోర్డు వెనక్కి తీసుకుని వచ్చేయండి. ఆ సెల్ పేలగలదు.

ఇప్పుడు వెనక్కి పంపడం. తీగల్లో ఈసారి కంప్యూటర్ అవుట్ నుంచి కీబోర్డు ఇన్‌కి. సిస్ ఇన్ఫో మళ్లీ అవైల్‌లో ఉండాలి. దానితోపాటు మెమరీ ప్రొటెక్ట్ అని ఒక తాళం ఉంటుంది. ఇంటర్నల్ మెమరీ ప్రొటెక్ట్ బటన్ నొక్కి, నో నొక్కితే ఆఫ్ అవుతుంది. ఛానల్ కూడా ఫైల్లో ఉన్నదే ఉండాలి. మనం 1లో దింపాం కాబట్టి 1. అప్పుడు పంపండి. స్క్రీన్ మీద అందిందని వస్తుంది. బిల్లు మొత్తం కలవకపోతే చెక్‌సమ్ తప్పని చెబుతుంది, మళ్లీ పంపండి. ఒకటి గుర్తుంచుకోండి, 32కి 32 ఒక్క దెబ్బకి మారిపోతాయి. ఒక్కటి మాత్రమే కావాలంటే 163 బైట్ల ఒంటరి శబ్దం సందేశం వేరే ఉంది, డెక్సెడ్ నుంచి దాన్ని పంపి, కీబోర్డులో నచ్చిన చోట స్టోర్ చేసుకోవచ్చు.

"అన్నా, మా ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది" అనేవాళ్లకి. అవుతుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్లో మిడి ఉంది. ఓటీజీ అడాప్టర్ పెట్టి అదే ఇంటర్‌ఫేస్ గుచ్చితే సరిపోతుంది. సిస్‌ఎక్స్ దింపే ఆప్‌లు దొరుకుతాయి. అయితే కొన్ని ఆప్‌లు పెద్ద సందేశాన్ని ముక్కలు చేసి పారేస్తాయి, కాబట్టి 4104 లెక్క ఇక్కడ ఇంకా ముఖ్యం. ఫైల్ని ఎవరికైనా వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, బైట్ మారకుండా వెళ్తుంది. నేనైతే మొదటి కాపీ కంప్యూటర్‌లోనే తీస్తాను.

మీ దగ్గర ఉన్నది డీఎక్స్7 కాదు, ఇంకా పాతది, రోలాండ్ జూనో 60 లాంటిది అనుకోండి. అది 1982ది, దానికి మిడే లేదు. దాని 56 శబ్దాల్ని క్యాసెట్ మీద రికార్డు చేసుకునేవాళ్లు. అంకెల్ని కీచుమనే శబ్దంగా మార్చి టేప్ సాకెట్ నుంచి బయటికి పంపుతుంది. క్యాసెట్ బదులు కంప్యూటర్ లైన్ ఇన్‌లో పెట్టి రికార్డు చేస్తే చాలు, వెనక్కి ప్లే చేస్తే మళ్లీ చదువుకుంటుంది. కాకపోతే వేవ్ ఫైల్‌గానే రికార్డు చేయండి. ఎంపీ3 వద్దు, వాట్సాప్ వాయిస్ మెసేజ్ అసలే వద్దు. ఫోన్ మైకు ముందు పెట్టి రికార్డు చేసినా కుదరదు. ఫోన్ తెలివిగా శబ్దాన్ని శుభ్రం చేస్తుంది, ఆ శుభ్రంలో మీ అంకెలు కొట్టుకుపోతాయి. దింపాక అదే కీబోర్డులో వెరిఫై అని ఉంటుంది, అది ఒప్పుకునేదాకా నమ్మకండి.

మాస్టారు ఫైల్ ఇప్పుడు మూడు చోట్ల ఉంది. ఆయన పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వాళ్లమ్మాయి మెయిల్లో ఒకటి, నా దగ్గర ఒకటి. చెత్త అన్న మూడింటినీ కూడా ఉంచాను, అడగలేదు. వచ్చే ఎపిసోడ్‌లో కార్ట్రిడ్జ్ తెరుద్దాం. మీ ఇంట్లో పాత కీబోర్డు ఉంటే వెనకాల సాకెట్లు ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఆ ఎపిసోడ్ చూసేటప్పుడు పక్కన ఉంటే సులువుగా అర్థమవుతుంది. ఉంటాను, నమస్తే.